మగ్గం గుంతలో మోదుగ

జగిత్యాల
9 డిసెంబర్ 2024

పెద్దబాపూ,

నిన్న నేను బస్సెక్కేటప్పుడు నువ్వు తలాడించిన తీరు చూస్తే, చెప్పినదాంట్లో సగం కూడా నీకు వినపడలేదని అర్థమైంది. నలభై ఏళ్లు కరెంటు మగ్గాల మోతలో, సాంచల మధ్య నిలబడ్డ చెవులు, వాటి తప్పేం లేదు. మెసేజ్ పెడదామంటే మీ ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్ ఫోన్ పెద్దమ్మ చేతిలో ఉంటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. చదివాక పెద్దమ్మకు దొరకని చోట దాచు.

నీ పాత మగ్గం గుంతలో దించిన రెండు డబ్బాల్లో ఉన్నవి కార్న్ స్నేక్స్. మన దేశపు పాములు కావు, విషం లేదు, కొన్న కాగితాలు నా దగ్గర ఉన్నాయి. నారింజ రంగు మీద ఎర్ర మచ్చలున్న పెద్దది ఆడది, పేరు మోదుగ. సన్నగా ఉన్నది మగది, చిన్నోడు. నాన్న చనిపోయిన ఏడాది హైదరాబాద్ హాస్టల్‌లో ఉన్నప్పుడు మోదుగను వేలెడంత పిల్లగా తెచ్చుకున్నాను. ఆ ఏడాదంతా నేను మాట్లాడింది దానితోనే. అమ్మ దాన్ని గడప తొక్కనివ్వదు. ఇక్కడ ఓనరమ్మ చూసి వారంలో గది ఖాళీ చేయించింది. ఇప్పుడు దొరికిన గది మిద్దె మీద స్లాబు కింద ఉంది, చలికాలంలో కూడా ఉడుకే.

ఈసారి వాటిని జత కట్టించాలనుకుంటున్నాను. దానికి రెండు నెలలు చల్లటి చీకట్లో, తిండి లేకుండా పడుకోవాలి. అప్పుడే ఒంటికి కాలం మారిందని తెలుస్తుంది. మార్చిలో జత కడతాయి, ఏప్రిల్ చివర్లో గుడ్లు. నీ గుంతంత చల్లటి చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మూడు రోజులకోసారి నీళ్లు మార్చు. తిండి పెట్టకు. అన్నిటికంటే ముఖ్యం, దగ్గర్లో ఘాటు వాసన ఏదీ ఉండకూడదు. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల మందు, ఫినాయిలు, ఏదీ. మనకు తలనొప్పి తెప్పించేది వాటి ప్రాణం తీస్తుంది. పెద్దమ్మకు మాత్రం మా ల్యాబ్ సామాను అని చెప్పు.

నీ తమ్ముడి బిడ్డ,
సృజన


సిరిసిల్ల
21 డిసెంబర్ 2024

బిడ్డా సృజనా,

ముందు ఆశీర్వాదాలు తీసుకో, తర్వాత తిట్లున్నాయి.

చెవులు సాంచలకు ఇచ్చేశాను గానీ కళ్లు ఇంకా నావే, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని మా నాయన ముప్పై ఏళ్లు నేశాడు. సాంచలు వచ్చాక దాని మీద పలకలు పరిచాం. ఇప్పుడు సాంచలూ ఆగాయి. నాలుగింట్లో రెండు పాత ఇనుము వాడు పట్టుకుపోయాడు, మిగతా రెంటి మీద మీ పెద్దమ్మ మిరపకాయలు ఆరబోస్తుంది. నాయన కూర్చున్న చోట పాములు పడుకున్నాయని మొదటి రోజు మనసు కొంచెం పీకింది. తర్వాత అనుకున్నాను, ఖాళీగా ఉన్న గుంతకు ఏదో ఒక ప్రాణం తోడుంది కదా అని.

మీ పెద్దమ్మ రాధమ్మకు అనుమానం వచ్చింది. "గా డబ్బాలల్ల ఏమున్నయి? గుంతకాడికి దినాం పోతున్నవ్" అని అడిగింది.

"సృజన లాబు మిషన్లు. చల్లగ ఉండాలె, ముట్టుకుంటె ఖరాబైతయి" అన్నాను.

"మిషన్లకు నీళ్ల గిన్నెలెందుకు?"

ఆ ప్రశ్న నాకు వినపడలేదు. చెవుడు ఇట్లాంటప్పుడే అక్కరకొస్తుంది.

ఇక తిట్లు. పన్నెండు రోజులుగా వాటికి మెతుకు లేదు. చిన్నోడు డబ్బా మూలకు తల ఆనించుకుని పడుకుంటే నాకు అన్నం సయించడం లేదు. కార్ఖానాలో చిట్టెలుకలకు కొదువలేదు. ఒక్కటి వేయనా?

పెద్దబాపు


జగిత్యాల
2 జనవరి 2025

పెద్దబాపూ,

వేయకు. ఎలుక మీసం కూడా వేయకు. చల్లగా ఉన్నప్పుడు వాటి కడుపు పనిచేయదు, తిన్నది లోపలే కుళ్లి చచ్చిపోతాయి. నీకు జాలేస్తే వాటి వైపు చూడకు, అంతే. అవి ఆకలితో లేవు, ఆగి ఉన్నాయి. మన సాంచల లాగ తుక్కుకు పోవడానికి కాదు, మళ్లీ నడవడానికి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వచ్చి నేనే పైకి తీస్తాను. పెద్దమ్మ గుడికి వెళ్లే పూట చూసి చెప్పు.

సృజన


సిరిసిల్ల
24 ఫిబ్రవరి 2025

బిడ్డా,

నువ్వు వచ్చి పైకి తీసి వెళ్లిన దగ్గర్నుంచి రెండూ హుషారుగా ఉన్నాయి. నువ్వు తెచ్చిపెట్టిన చిన్న ఫ్రిజ్‌లోని గడ్డకట్టిన తెల్ల ఎలుకలను చెప్పినట్టే గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, చిమటాతో పట్టి పెట్టాను. మోదుగ లటుక్కున అందుకుంది. అరవై మూడేళ్ల వయసులో పాముకు ముద్దలు తినిపిస్తానని జాతకంలో ఎవరూ రాయలేదు.

ఒక మాట నీ కడుపులో పెట్టుకో. కోరుట్లలో మీ ఉమక్కకు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు ఐదో నెలలోనే కడుపు పోయిన సంగతి నీకు తెలుసు. రెండోసారి ఆసుపత్రి నుంచి తెచ్చాక అది ఆరు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. అల్లుడు సంపత్ మంచివాడు కాబట్టి నెట్టుకొచ్చింది. మళ్లీ ఐదో నెల వస్తోందంటే నా గుండె నా చేతిలో ఉండడం లేదు.

మా చిన్నప్పుడు వీర్నపల్లి చేనులో రెండు పాములు పెనవేసుకుని నిలువెత్తు లేస్తే, మా నాయన భుజం మీది కొత్త తువ్వాల తీసి వాటి మీద వేశాడు. అవి పోయాక ఆ తువ్వాల తెచ్చి అమ్మ తలకింద పెట్టాడు. అప్పటికి నా వెనక ముగ్గురు పోయారు. మరుసటి ఏడు మీ నాన్న పుట్టాడు, నిలిచాడు. ఊరికే చెబుతున్నాను.

ఇంతకీ ఈ రెండూ కలిసేది ఎప్పుడు?

పెద్దబాపు


జగిత్యాల
2 మార్చి 2025

పెద్దబాపూ,

ఉమక్క సంగతి చదివి బస్టాండులోనే నవ్వుకున్నాను. ఎవరికీ చెప్పను. ఈసారి నిలుస్తుంది చూడు.

తువ్వాల కథ మాత్రం నాకు నచ్చలేదు. అట్లా పెనవేసుకుని లేచేవి చాలాసార్లు రెండూ మగవే, ఆడదాని కోసం కుస్తీ పడుతుంటాయి. పహిల్వాన్ల మీద బట్ట కప్పి పిల్లలను అడుగుతున్నారు మనవాళ్లు. ఇట్లాంటివి వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బట్ట కోసం జనం ఎగబడి పాములను తొక్కి చంపిన వీడియోలు కూడా చూశాను.

మన పని విను. మోదుగ కుబుసం విడిచిన నాలుగో రోజు చిన్నోణ్ణి దాని డబ్బాలో వదులు. తోకలు కలిస్తే కదపకు. రెండు మూడు గంటల్లో విడిపోతాయి, వెంటనే వేరు చెయ్. నాకే రావాలని ఉంది, కానీ మా ల్యాబ్‌లో ఈ నెలంతా ఆదివారాలు కూడా డ్యూటీ. నిన్ను నమ్మి వదిలేస్తున్నాను. ఒక్క మనిషి చేతిలో ప్రాణం పెట్టమంటే నీ చేతిలోనే పెడతాను.

సృజన


సిరిసిల్ల
17 మార్చి 2025

బిడ్డా,

పని అయింది. నిన్న మధ్యాహ్నం మోదుగ దగ్గరికి చిన్నోణ్ణి వదిలాను. కలిశాయి. అంతా సవ్యంగా జరిగింది. రెండూ బాగున్నాయి. ఎండలు ముదిరాయి, నీళ్లు ఎక్కువ తాగు.

పెద్దబాపు


సిరిసిల్ల
17 మార్చి 2025
(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు)

సృజనా,

ఇది నీకు పంపను. రాయకపోతే ఊపిరాడేట్టు లేదని రాస్తున్నాను.

నిన్న అవి కలిసినప్పుడు నేను ట్రంకు పెట్టె తెరిచి మా నాయన నేసిన ఆఖరి తువ్వాల తీశాను. నాయన పోయిన నాటి నుంచి, ఇరవై ఏళ్లుగా కలరా ఉండల మధ్య ఉంది. బజారులో కొన్న బట్ట పనికిరాదు, నేసే ఇంటివాళ్లం, మన చేతిది కాకపోతే కప్పి లాభం లేదు. ఉతికి ఆరేద్దామా అంటే నీళ్లు తగిలిన బట్ట కొత్తది కాదు. మడతలు విప్పుతుంటే తెల్లటి పొడి కొంచెం డబ్బాలో రాలింది. డబ్బా మీద తువ్వాల నిండుగా కప్పి దణ్ణం పెట్టుకున్నాను. జత విడిపోయేటప్పుడు చూడకూడదంటారు, అందుకని ఇవాళ పొద్దున్నే తీశాను.

తీసేసరికి రెండూ చెరో మూల నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. గాలి తగిలాక సర్దుకున్నాయి.

నువ్వు వద్దన్న పని చేశాను. చేస్తున్నప్పుడు నీ మాట గుర్తుంది. కానీ నా బిడ్డకు ఐదో నెల వస్తోంది, సృజనా. తువ్వాల ఈ మధ్యాహ్నమే కోరుట్ల పంపాను, తలకింద పెట్టుకోమన్నాను. ఎందుకో ఉమకు కూడా చెప్పలేదు. ఎవరికైనా చెబితే ఫలం పోతుంది. అమ్మ కానుపయ్యేదాకా నాయన నోరు విప్పలేదు.


జగిత్యాల
1 ఏప్రిల్ 2025

పెద్దబాపూ,

డ్రైవర్ ఓదెలు బావ తన బస్సులో తెచ్చిచ్చిన చీటీ నిలబడి చదివాను. చిన్నోడు చచ్చిపోయాడని ఒక్క లైను. ఎట్లా? పదిహేను రోజుల కింద బాగున్నాయన్నావు. తిన్నది కక్కాడా? నోరు తెరిచాడా? ఎలుకల మందు తిన్న ఎలుకను గానీ పెట్టావా? మోదుగ ఎట్లా ఉంది?

నాకు ఒకటే తడుతోంది, ఎవరో మందు కొట్టారు. ఆగలేక పెద్దమ్మకు ఫోన్ చేశాను. "కార్ఖానాల దోమల మందు కొట్టినవా?" అని గట్టిగానే అడిగాను. "కొడితే ఏమైతదే? గవి మిషన్లే కదా" అంది. కోపంలో నోరు జారాను. మిషన్లు కావు, పాములని చెప్పేశాను. అటువైపు ఫోన్ కట్టయింది.

నిజం రాయి పెద్దబాపూ. మోదుగ కడుపులో ఇప్పుడు గుడ్లు కడుతుంటాయి. ఆదివారం వచ్చి తీసుకుపోతాను.

సృజన


సిరిసిల్ల
3 ఏప్రిల్ 2025

బిడ్డా,

నీ ఫోను తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో నా చెవులకు కూడా వినపడింది.

"నలభై ఏండ్ల సంసారంల నాకు చెప్పకుంట పాములు పెంచినవా? పిల్ల నన్నెందుకు అడుగుతున్నది? నేనేం మందు కొట్టలే. కొండగట్టు అంజన్న మీద ఒట్టు" అంది రాధమ్మ. తర్వాత కార్ఖానాలోకి వెళ్లి మోదుగ ముందు చాలాసేపు నిలబడింది. భయపడి అరుస్తుందనుకున్నాను. "గింత మెత్తగున్నదేంది? కడుపుతోనున్నదా?" అని మాత్రం అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మోదుగ రెండుసార్లు తిన్నది కక్కింది. ఇప్పుడు కొంచెం నయం. చిన్నోణ్ణి పెరట్లో పాతిపెట్టాను.

ఎవరు కొట్టారో ఏం చెప్పను. మీ పెద్దమ్మ సంగతి నీకు తెలియనిదా, దోమ కనబడితే ఊరుకోదు. ఒట్టు వేసింది కాబట్టి ఇక గుచ్చి అడగకు. పోయినది పోయింది.

ఉమ బాగుంది. నాలుగో నెల నడుస్తోంది.

పెద్దబాపు


జగిత్యాల
3 మే 2025

పెద్దబాపూ,

నెల రోజులుగా తడి గోనెలు కప్పి, కూలర్ ముందు పెట్టి మోదుగను కాపాడుకుంటూ వచ్చాను. ఏప్రిల్ పద్దెనిమిదిన కుబుసం విడిచింది. అంటే పది, పన్నెండు రోజుల్లో గుడ్లు పెట్టాలి. తడి నాచు పరిచి గూడు సిద్ధం చేశాను. నిన్న పొద్దున రెండు గుడ్లు పెట్టి ఆగిపోయింది. లోపల ఇంకా చాలా ఉన్నాయి, వేలితో తడిమితే తెలుస్తున్నాయి. అది నా కళ్ల ముందు ముక్కుతోంది, పెద్దబాపూ. ముక్కి ముక్కి తల వాల్చేస్తోంది.

హైదరాబాద్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. నోరు తెల్లగా పాలిపోయిందంటే ఆయన ఒకటే అడుగుతున్నాడు, ఏదైనా మందు గాలి పీల్చిందా, ఏ మందు, ఎంతసేపు అని. అది తెలిస్తే ఆగాలా, వెంటనే కోసి గుడ్లు తీయాలా తేల్చుకుంటానంటున్నాడు. నేనేం చెప్పాలి? పెద్దమ్మకు మళ్లీ ఫోన్ చేశాను, బతిమాలాను, తర్వాత అనకూడని మాట అన్నాను. "నీ వల్ల ఒకటి చచ్చింది, ఇది కూడా చస్తే నీ ముఖం చూడ" అన్నాను. ఆమె ఏడ్చింది. అయినా ఏ మందో చెప్పదు.

నువ్వు అడుగు. నీకు చెబుతుంది. రేపు బస్సులో జవాబు పంపు.

సృజన


కోరుట్ల
4 మే 2025, ఆసుపత్రి వరండా

సృజనా,

ఓదెలు నీ ఉత్తరం సిరిసిల్లలో ఇవ్వబోతే మేం అక్కడ లేము. పాపం, మా అల్లుడి ఫోన్‌కు చేసి కనుక్కుని, ఇటు వచ్చే ఇంకో డ్రైవర్ చేత పంపాడు. ఇదీ అట్లాగే నీకు చేరాలి.

నిన్నటి నుంచి ఉమకు రక్తం కనబడుతోంది. ఐదో నెల. లోపల పడుకోబెట్టి సూదులు వేస్తున్నారు. కదలొద్దన్నారు. ఇరవై నాలుగు గంటలు గడవాలన్నారు.

నీ ఉత్తరం చదువుతుంటే పక్కన కూర్చున్న రాధమ్మ, "మోదుగ గుడ్లు పెట్టిందా? సృజన ఏం రాసింది?" అని అడిగింది. తన మీద నింద పడ్డ పాము గురించి, తన బిడ్డ లోపల ఉండగా అడిగింది. ఇంక నావల్ల కాలేదు.

మీ పెద్దమ్మ ఏ మందూ కొట్టలేదు. చేసింది నేను. జత కట్టిన రోజు ఆ డబ్బా మీద మా నాయన తువ్వాల కప్పాను, మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దుటి దాకా. ఇరవై ఏళ్లు కలరా ఉండల్లో ఉన్న తువ్వాల. మడతల్లోని పొడి కూడా లోపల పడింది. ఆ తువ్వాలే ఉమకు తలకింద పెట్టుకోమని పంపాను. చిన్నోడు దాని వల్లే పోయాడని ఆ రోజే తెలుసు. తెలిసీ ఆమె మీదికి నీ చూపు తిప్పాను.

డాక్టర్‌కు ఇదే చెప్పు. కలరా ఉండలు. పద్దెనిమిది గంటలు.

ఈ మాట బయటపెడితే ఫలం పోతుందని మా నాయన చెప్పాడు. నమ్మకం పోయి రాస్తున్నాననుకోకు. నమ్ముతూనే రాస్తున్నాను. ఈ రాత్రి నా బిడ్డకు ఏమైనా అయితే నువ్వు నన్ను ఓదార్చడానికి రావద్దు. మోదుగను తీసుకుని హైదరాబాద్ వెళ్లు.

పెంటయ్య


జగిత్యాల
9 మే 2025

పెద్దబాపూ,

మోదుగ లేదు.

నీ ఉత్తరం అందిన గంటలో దాన్ని తీసుకుని హైదరాబాద్ బయలుదేరాను. దాని రక్తం విరిగిపోయిందట. కలరా ఉండల విషం అంత పనీ చేస్తుందట. ఆగడానికి లేదని అప్పటికప్పుడు కోశారు. మత్తులోంచి అది లేవలేదు. ఏప్రిల్ మొదట్లో తెలిసి ఉంటే మందులతో బలం పుంజుకునేదని డాక్టర్ అన్నాడు. ఈ వాక్యం రాయొద్దనుకున్నాను. రాస్తున్నాను, ఎందుకంటే నేనొక్కదాన్నే మోయలేను.

నిన్న కోరుట్ల వెళ్లి ఉమక్కను చూశాను. ఇంటికి పంపారు. కడుపులో బిడ్డ కదులుతోందని నా చెయ్యి పెట్టించింది. నీ తువ్వాల సంగతి అడిగితే, వాసనకు వాంతి వచ్చిందని అందిన రోజే ఉతికి దండెం మీద వేసిందట. ఇప్పుడు దానితో సంపత్ బావ బండి తుడుస్తున్నాడు. నువ్వు నెలన్నర నోరు మూసుకుని కాపాడింది ఏమీ లేదు పెద్దబాపూ.

ఒకటి ముందే చెబుతున్నాను. రేపు నువ్వు పాము పోయి నా మనవడు నిలిచాడని అనుకుంటావు. అనుకోకు. మోదుగ ఎవరికీ బదులు చావలేదు. అది నీ చేతిలో చచ్చింది. అంతకంటే పెద్ద కారణం దానికి అంటగట్టకు.

కోపం తగ్గలేదు. అయినా రాయక తప్పడం లేదు. నువ్వు చెప్పబట్టే గుడ్లు బయటికి వచ్చాయి. పదమూడింట్లో ఐదు బాగున్నాయి. వాటికి అరవై రోజులు ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. నా గదిలో గోడ ముట్టుకుంటే కాలుతోంది. ఉండే చోటు ఒక్కటే, నీ మగ్గం గుంత. ఆదివారం ఒళ్లో పెట్టుకుని తెస్తాను. ప్రతి గుడ్డు మీద పెన్సిల్ గీత ఉంటుంది, గీత పైకే ఉండాలి. కోడిగుడ్లను తిప్పినట్టు తిప్పితే లోపలి పిల్ల మునిగిపోతుంది. రోజూ డిగ్రీలు రాసిపెట్టు. నాకు చెప్పకుండా ఊపిరి కూడా వదలకు.

నేను వచ్చేలోపు పెద్దమ్మకు నువ్వే చెప్పాలి. క్షమాపణ నాది నేను వేరుగా అడుగుతాను.

సృజన


సిరిసిల్ల
16 మే 2025

బిడ్డా,

నువ్వు వచ్చిన రోజు నాతో ముభావంగా ఉన్నావు, ఉండాల్సిందే. నువ్వు పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుంటే ఆమె నీ తలలో పేలు వెతకడం మొదలుపెట్టింది. అంటే నిన్ను క్షమించినట్టే.

నన్ను కాదు. చెప్పిన రోజు నుంచి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మొదటి రోజు నాకు తెలియనే లేదు, నా చెవుల సంగతి ఎరిగినదే కదా. రెండో రోజు అన్నం గిన్నె నా ముందు పెట్టి, గట్టిగా, నాకు వినపడేట్టు అంది: "తువ్వాల కప్పినందుకు కాదు నా కోపం. నేను అంజన్న మీద ఒట్టేస్తుంటే పక్కన నిలబడి చూసినవ్ చూడు, గందుకు."

గుడ్ల దగ్గర ఇరవై ఎనిమిది డిగ్రీలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూస్తున్నాను. గీతలు పైకే ఉన్నాయి. గుంత చుట్టూ తడి గోనెలు రాధమ్మే మారుస్తోంది. కలరా ఉండలన్నీ ఇంట్లోంచి తీసి ఊరి బయట పారేశాను.

పెద్దబాపు


సిరిసిల్ల
8 జులై 2025

బిడ్డా సృజనా,

ఓదెలు చేత చీటీ పంపాను గానీ అందులో పట్టలేదు, వివరంగా రాస్తున్నాను.

మొన్న పొద్దున మూడో గుడ్డు మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలిక కనబడింది. నువ్వు చెప్పినట్టే ముట్టుకోలేదు. రోజంతా ముక్కు మాత్రం బయటపెట్టి ఊపిరి పీల్చింది. నిన్నటికి మూడు బయటికి వచ్చాయి. నాలుగోది తల బయటపెట్టి చూస్తోంది. ఐదోది కదలడం లేదు, ఆశ పెట్టుకోకు. తొందరపడి కోయనులే. ఒకటి అచ్చం మోదుగ రంగు. దాన్ని చూసి నేను గుంత పక్కనే కూర్చుని ఏడ్చాను. మోదుగ నా చేతిలో చచ్చిందని నువ్వు రాసిన మాట నిజం. నేను దానికి వేరే పేరు పెట్టుకోలేదు.

నీకు చెప్పకుండా ఏదీ చేయనన్నాను కాబట్టి ఇంకొకటి చెప్పాలి.

ఉమ ఏడో నెలకు ఇంటికి వచ్చింది. మెల్లగా కార్ఖానాలోకి వచ్చి, "బాపు, ఒక్కపారి చూస్త" అంది. రాధమ్మ గడపలోనే అడ్డం నిలబడింది. "కడుపుతోనున్నోళ్లు చూస్తే పాము కండ్లు పోతయంటరు. సృజన పానం పెట్టుకున్నది వాటి మీద, వద్దు బిడ్డా" అంది. నేనూ చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. నమ్మే మాటే.

ఉమ నా ముఖం వైపు చూసింది. నేను వంగి పలక తీశాను. చెయ్యి పట్టుకుని గుంత అంచున కూర్చోబెట్టాను. మోదుగ రంగుది డబ్బాలోంచి తలెత్తి ఉమను చూసింది. ఉమ నవ్వింది. బిడ్డ తన్నుతోందని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఉమా, ఆ పాముపిల్లా అట్లా ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నారు.

రాధమ్మ, ఉమ వెళ్లాక నేనక్కడే ఉండిపోయాను. డబ్బా ముందు వేలు పెట్టి ఎడమకు జరిపాను. అది తల ఎడమకు తిప్పింది. కుడికి జరిపాను. కుడికి తిప్పింది. సాయంత్రం దాకా జరుపుతూనే ఉన్నాను సృజనా. దాని కళ్లు బాగానే ఉన్నాయి.

పెద్దబాపు